లేవమంటే లేవని మనిషి

మా మరిది పోయాడు. మా ఆయనకు తమ్ముడు, బస్సు డిపోలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కార్వాన్‌లో మా ఇంటి ముందు గదిలో, మధ్యాహ్నం అన్నం తిని, గోడకు ఆనించిన తఖ్తు బల్ల మీద కూర్చుని, ఫోనులో ఆట ఆడుతూ పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు చాలామంది, ఇష్టమైన పని చేసుకుంటూ పోయిండు, అదృష్టవంతుడు అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ రోజు పొద్దుటి నుంచే అతనికి ఛాతీలో మంటగా ఉంది. రాత్రి మిరపకాయ బజ్జీలు తిన్నందుకు అనుకుని ఏదో గోలీ మింగాడు. మా ఆయన లేరు; నా కొడుకు, కోడలు, మనవరాలు ఉద్యోగాలకు పోతే పగలంతా ఇంట్లో మేమిద్దరమే. మధ్యాహ్నం అతని నుదుటి మీద చెమట చూసి, ఆసుపత్రికి పోదాం లెమ్మన్నాను. ఫోను మీది నుంచి కళ్లు ఎత్తకుండా చెయ్యి ఊపాడు.

"ఈ ఆట అయినంక పోదాం వదినా. ముగ్గురు నా బండిల కూసున్నరు."

"ఏ బండయ్యా? ఆ బొమ్మల బండా?"

"బొమ్మల బండైతే ఏంది? నడిమిట్ల దించి పోతరా ఎవరన్న?"

ఇతనితో వాదించి లాభం లేదని, ఆటో పిలవడానికి గల్లీ చివరికి వెళ్లాను. ఆటోవాణ్ణి వెంట పెట్టుకుని వచ్చేసరికి అతని తల గోడకు ఆని ఉంది. ఫోను ఒడిలో పడి ఉంది. అందులోంచి గొంతులు వినిపిస్తున్నాయి. "చాచా, బండి ఆగిందేంది? ఏడున్నవ్ చాచా? కదలు." నా ఫోను పై అంతస్తులో ఉంది. అంబులెన్సు పిలవడానికి చేతికి అందింది అతని ఫోనే. ఆట మూయబోతే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. మధ్యలో వెళ్లిపోతారా, వెళితే మీ పేరు మీద నమోదవుతుంది అని. అవును అని నొక్కాను.

నొక్కినందుకు నాకు విచారం లేదు. అంబులెన్సు పిలవాలి, పిలిచాను. అది వచ్చేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. లేవమంటే లేవని మనిషి పేరు మీద, మధ్యలో లేచిపోయాడని రాసి పెట్టారు. ఆ రాత పడింది నా వేలితో.

నేను ఉద్యోగమంతా ప్రభుత్వ ఆడిట్ విభాగంలో చేశాను. ఇంటి లెక్క ఈ రోజుకీ ఏ రోజుది ఆ రోజే రాస్తాను. రాసిన దాంట్లో తప్పుంటే నిద్ర పట్టదు. మా మరిది దీని మీద నన్ను ఏడిపించేవాడు. "వదినా, కొత్తిమీర కట్ట ఊరికెనే ఇచ్చిండు, గది గూడ రాసినవా?" అనేవాడు. రాశాననేదాన్ని. ఊరికే వచ్చింది కూడా వచ్చినట్టే కదా.

అతనికి ఆటల పిచ్చి ఇప్పటిది కాదు. డ్రైవరు ఉద్యోగం కొత్తగా వచ్చిన రోజుల్లో జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య నుంచి ఒక వీడియో గేము పెట్టె ఏరుకొచ్చాడు. క్యాసెట్టు పెట్టి టీవీకి తగిలిస్తే బొమ్మలు గెంతుతాయి. పిల్లల కోసం అన్నాడు. పిల్లల చేతికి అది ఎన్నడూ దొరకలేదు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా విప్పకుండానే టీవీ ముందు కూర్చునేవాడు. వార్తల వేళకు మా ఆయన వచ్చి గొంతు సవరించుకుంటే గాని లేచేవాడు కాదు. అప్పుడు కూడా, ఆడుతున్న గండం దాటితేనే.

రిటైరయ్యాక మనవరాలి పాత కంప్యూటరులో బస్సు నడిపే ఆట ఒకటి పెట్టించుకున్నాడు. జీవితమంతా బస్సు నడిపి, ఇంట్లో కూర్చుని మళ్లీ బస్సు నడపడమేమిటని నాకు చిరాకు. ఏదో దేశంలో మంచు కురిసే రోడ్డు మీద, ఒక్క మనిషి లేని చోట, ఎర్ర దీపం దగ్గర ఆగి కూర్చునేవాడు.

"పో. ఎవరు జూస్తున్నరు?" అన్నాను ఒకసారి.

"సిగ్నల్ ఉన్నది గద వదినా."

"పోలీసోడు లేడు గద."

"పోలీసోని కోసం ఆగుతరా? నువ్వు ఆడిట్లో పన్జేసి గిట్లంటవేంది."

కోపం వచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను.

భార్య పోయాక, అంటే మా తోటికోడలు పోయాక, ఫోను ఆట మొదలుపెట్టాడు. అదేమిటో చదివేవాళ్లలో తెలియనివాళ్ల కోసం చెబుతాను. చాలామంది ఆటగాళ్లు విమానంలోంచి ఒక ద్వీపం మీదికి దూకుతారు. నలుగురిది ఒక జట్టు. చుట్టూ మంటల వలయం ఒకటి చిన్నదవుతూ వస్తుంది. ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. ఇది విన్నప్పుడు, ఏమాత్రం బుద్ధి ఉన్న పెద్దమనిషి ఆడేది కాదని చెప్పాను. ఇప్పుడూ అదే అంటాను.

అతని జట్టులో ఇద్దరు ఖాయంగా ఉండేవాళ్లు. ఒకాయనకు చార్మినార్ దగ్గర గాజుల దుకాణం. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డ వేళ వచ్చి కలుస్తాడు. ఇంకొకామె ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు చేసే ఇంటి కోడలు, రంగులు వేస్తుంది. చవితి దగ్గర పడ్డ నెలల్లో ఆమె రాదు. నాలుగో మనిషిగా ఆ ఆటే ఎవరినో పంపుతుంది. వీళ్లందరికీ మా మరిది డ్రైవర్ చాచా. గురి సున్నా. చేతిలో తుపాకీ ఉన్నా అటో ఇటో పోతుంది. అందుకని జీపు నడపడం అతని పని. "ఎక్కిండ్రా అందరు? రైట్ రైట్" అని తనకు తానే చెప్పుకుని కదిలేవాడు. మలుపు వస్తే హారన్ కొట్టేవాడు. యుద్ధంలో హారన్ కొడితే శత్రువుకు తెలిసిపోదా అని గాజుల భాయ్ మొత్తుకోవడం నాకు వంటింట్లోకి వినిపించేది.

"అరే చాచా, హారన్ వొద్దు. సంపుతరు మనల్ని."

"మలుపు భాయ్. అటుకెల్లి బండొస్తె?"

ఇంకొక సంగతి వాళ్లకు మరీ కష్టంగా ఉండేది. ఆ ఆటలో శత్రువు ఎదురైతే జీపుతో గుద్ది చంపవచ్చు. అందరూ అదే చేస్తారట. మా మరిది మాత్రం బ్రేకు వేసేవాడు. తుపాకీతో కాలుస్తాడు గాని మనిషి మీద బండి ఎక్కించడు. బ్రేకు వేసిన కారణంగా జట్టు మొత్తం చచ్చిన రోజులు ఎన్నో. "చాచా, బొమ్మ గది" అని ధూల్‌పేట చెల్లె అంటే, "నీ గణపతి గూడ బొమ్మనే గదమ్మా, కాలు పెడ్తవా మీద?" అన్నాడు.

ఇక అతని గొంతు ఒకటి. మైకులో మాట్లాడుతున్నానన్న స్పృహ ఉండేది కాదు. డిపోలో ఆ చివర నుంచి ఈ చివరకు పిలిచినట్టు అరిచేవాడు. ఒకనాడు కూరగాయల బండివాడు మా గుమ్మం ముందు బండి ఆపి, వంకాయలు తూచకుండా నిలబడిపోయాడు. లోపల మా మరిది, "ఎనకకెల్లి వస్తున్నడు, ఏసెయ్, ఏసెయ్యమ్మా వాన్ని" అంటున్నాడు. బండివాడు నా చేతిలోని కత్తిపీట వైపు చూసి, "ఎవరినమ్మా?" అని అడిగాడు. ఆ తరువాత చాలా రోజులు మా ఇంటి ముందు బేరం ఆడకుండా తూచి ఇచ్చాడు.

అభిప్రాయాలకు కొదవ లేదు. ఆటలో బొమ్మకు కొత్త చొక్కాలు, రెక్కలు, మెరిసే బూట్లు కొనుక్కునేవాళ్లంటే పడదు. "చొక్కా మారిస్తె గురి కుదురుతదా వదినా?" అని నన్ను అడిగేవాడు, ఆ చొక్కాలు నేనేదో అమ్ముతున్నట్టు. అతని బొమ్మ ఊరికే వచ్చిన ఖాకీ దుస్తులతోనే ఉండేది. అంతం లేని ఆటలు మోసమని అతని వాదం. పాత క్యాసెట్టు ఆటకు చివర ఉండేది, దాటితే ఇక పండుకునేది, ఇప్పుడు మనిషిని లేవనియ్యకుండా చేస్తున్నరు అనేవాడు. ఈ మాట అన్నది ఎవరో చూడండి. ఆట మార్చి కొత్తది పంపినప్పుడల్లా, ఫోనుకు నోటితో చెప్పి పొడుగాటి విమర్శ రాయించేవాడు. "రోడ్లల్ల గుంతలు పూడ్సుండ్రంటె కొత్త టోపీలిస్తున్నరు" అని ఒకటి నాకు గుర్తుంది. ఆ రోజు మా గల్లీలో కూడా రోడ్డు తవ్వి వదిలేశారు గనుక, అది మునిసిపాలిటీకి రాశాడనుకుని మెచ్చుకున్నాను.

ఈ విమర్శలన్నీ పోయేది తను ఫోనులో పెట్టిన ఒక గుంపులోకి. ఊరూరా ఉన్న ఆటగాళ్లు అందులో చేరారు. దానికి అతను పెట్టిన నియమం ఒకటే. ఆట మధ్యలో లేవకూడదు. తప్పనిసరైతే, చెప్పి లేవాలి. "ఓడినవంటె ఓడినవ్, గంతే. చెప్పకుంట లేస్తె మాత్రం ముగ్గురిని రోడ్డు మీద దించి పోయినట్టు" అని కొత్తవాళ్లకు చెప్పేవాడు. ఆ ఆటలో ప్రతి పేరు పక్కనా ఒక చిన్న డాలు గుర్తు ఉంటుంది. మధ్యలో లేచినవాళ్ల డాలు పగిలినట్టు కనిపిస్తుంది. పగిలిన డాలు ఉన్నవాళ్లు స్నేహితులతో జట్టు కట్టలేరు, వేరే చోట ఆడాలి. గుంపులో ఎవరి డాలు పగిలినా మా మరిది వెంటనే తీసేసేవాడు. సొంత మేనల్లుణ్ణే తీసేశాడు. అతను ముప్పై దాటిన మనిషి, బిర్యానీ వచ్చిందని ఫోను పక్కన పెట్టి లేచాడట. దాని మీద అలిగి మా ఆడపడుచు దసరాకు మా ఇంటికి రాలేదు. నేను ఎంత చెప్పినా మరిది దిగిరాలేదు.

"ఇంటోడని మాఫ్ జేస్తే, బయటోనికి ఏం మొఖం వెట్టుకొని చెప్తం వదినా?"

అది నేను ఆఫీసులో ఎన్నోసార్లు అన్న మాటే.

అతను పోయిన సాయంత్రం గాజుల భాయ్ అదే ఫోనుకు చేస్తే మా మనవరాలు ఎత్తి సంగతి చెప్పింది. ఆ రాత్రి గుంపు నిండా పూలు, దండం పెట్టే చేతులు. ఆట పంపిన నాలుగో మనిషి ఎవరో గాని, డ్రైవరు బండి ఆపి పారిపోయాడని అప్పటికే ఫిర్యాదు పెట్టాడు. అతనికి మాత్రం ఏం తెలుసు. మర్నాటికి గుంపులో లొల్లి మొదలైంది. మనవరాలు చదివి వినిపించింది.

"చాచా పేరు పక్కన డాలు పగిలి కనిపిస్తున్నది."

"గిప్పుడు గదా సూసేది? మనిషే పోయిండు."

"నేనేం తప్పన్న? బిర్యానీకి లేసినోన్ని తీసేసిండు గదా. రూల్ చాచాదే."

"దిల్ ఉన్నదా నీకు?"

"దిల్ వేరే, రూల్ వేరే."

ఆ ఆఖరి మాట రాసినవాడెవరో నాకు తెలియదు. అతని మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ గుంపులో బుర్ర ఉన్నవాడు అతనొక్కడే అనిపించాడు.

పెద్ద కర్మ అయ్యాక గాజుల భాయ్, ధూల్‌పేట చెల్లె ఇంటికి వచ్చారు. అంతకుముందు ఒకరినొకరు చూసుకోలేదట, మా గుమ్మం దగ్గరే మొదటిసారి కలుసుకున్నారు. ఆమె గోళ్ల సందుల్లో పసుపు రంగు ఇంకా ఉంది. ఆయన తఖ్తు మీద కూర్చోబోయి, అది ఎవరిదో గుర్తొచ్చినట్టు, కుర్చీ లాక్కున్నాడు.

"అమ్మా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి. చాచాకు రూల్ లేదని గ్రూపుల పెట్టేస్త. ఎవరన్న నోరిప్పితే నేను జూసుకుంట" అన్నాడు.

"మీ చాచా ఎవరికన్న మాఫీ ఇచ్చిండా?"

"లేదమ్మా."

"మరి ఆయనకెందుకు? మాఫీ తప్పు జేసినోనికి ఇస్తరు. ఆయన లేవనే లేదు. లేచి దవాఖానకు రమ్మంటే, మీరు బండిల ఉన్నరని కూసున్నడు."

ఇద్దరూ తల వంచుకున్నారు. ఆ సంగతి వాళ్లకు తెలియదు. చెప్పకుండా ఉండాల్సింది అని మీరు అనుకోవచ్చు. నేను అనుకోలేదు. ఆ మనిషి ఎందుకు కూర్చున్నాడో తెలియవలసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే.

ధూల్‌పేట చెల్లె, "మేం అడగలేదమ్మా. ఒక్క మాట చెప్తే మేమే దిగిపోదుం" అంది.

"తెలుసమ్మా. ఆయన చెప్పడు" అన్నాను.

ఆ ఆట కంపెనీకి ఉత్తరం రాశాను. మంచి ఇంగ్లీషులో, జరిగింది జరిగినట్టు, మరణ ధ్రువపత్రం జత చేసి పంపాను. ఆటగాడు లేవలేదు, ఆట మూసింది నేను, కనుక ఆ నమోదు తప్పు, సరిచేయండి అని. మీ సందేశం మాకు ముఖ్యం అని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. ఫిర్యాదు ఆటగాడే స్వయంగా చేసుకోవాలి అని వచ్చింది. చనిపోయినవాడు ఎలా చేసుకుంటాడని అడిగాను. మా ఆట ఆడుతున్నందుకు ధన్యవాదాలు అన్నారు. చివరికి మనిషి రాసినట్టున్న జవాబు ఒకటి వచ్చింది. సానుభూతి తెలిపి, కోరితే ఆ ఖాతాను పూర్తిగా తీసేస్తామని రాశారు. ఒక పద్దు దిద్దమంటే పుస్తకమే చింపేస్తామన్నట్టు ఉంది. వద్దని రాశాను. ఉద్యోగంలో ఎంతోమంది మొండి గుమస్తాలను చూశాను. వాళ్ల ఎదుట కూర్చుని, కదలకుండా, పని చేయించుకోవచ్చు. వీళ్లకు ఎదురుగా కూర్చోవడానికి ఒక బల్ల అయినా లేదు.

డాలు మామూలుగా కావడానికి ఇంకొక దారి ఉందని ధూల్‌పేట చెల్లె ఫోను చేసి చెప్పింది. ఆ ఖాతా నుంచి వరుసగా కొన్ని ఆటలు, మధ్యలో లేవకుండా, ఊరికే నిలబడకుండా, చివరిదాకా ఆడాలి. అప్పుడు డాలు దానంతటదే అతుక్కుంటుంది. గాజుల భాయ్ తను ఆడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకరి పేరు మీద ఇంకొకరు సంతకం పెట్టడం నాకు చేతకాదు. ఆ మాట అన్నాక రెండు రోజులు ఆలోచించాను. పప్పు ఏరుతూ, బట్టలు మడుస్తూ ఆలోచించాను. మా మరిది పేరు మీద మధ్యలో లేచింది నేను. కాబట్టి అతని పేరు మీద చివరిదాకా కూర్చోవలసింది కూడా నేనే. పద్దు ఏ చేత్తో తప్పిందో ఆ చేత్తోనే దిద్దాలి.

ఇంకొకరి ఖాతా వాడకూడదని కంపెనీ నిబంధనల్లో ఉంది. అన్నీ చదివాను. అందుకని ముందే రాశాను. ఫలానా కారణంగా నేను ఆడబోతున్నాను, అభ్యంతరం ఉంటే తెలపండి అని. ఆటను ఆస్వాదించండి అని జవాబు వచ్చింది. దాన్ని భద్రపరిచాను.

అతని ఫోనుకు తాళం ఎప్పుడూ లేదు. అదే తఖ్తు మీద, రెండు జతల కళ్లద్దాలు మార్చి మార్చి పెట్టుకుని కూర్చున్నాను. మనవరాలు సెలవు రోజున పక్కన కూర్చుని నేర్పింది. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో చూడాలి. నేను చూసిన వైపు నడవలేదు, నడిచిన వైపు చూడలేదు. మొదటి ఆటలోనే జీపును నదిలోకి దించాను. "నానమ్మా, నువ్వు బతికినవ్, గ్రేట్" అంది మనవరాలు.

పగిలిన డాలు ఉన్నవాళ్లందరినీ ఒక చోట వేస్తారు. అంటే నా జట్టులో ప్రతి ఒక్కరూ మధ్యలో లేచిపోయే రకమే. ఒకడు ఆట మొదలవగానే పోతాడు. ఒకడు తుపాకీ దొరకలేదని పోతాడు. ఒకడు నన్ను తిట్టి పోతాడు. ఆ తిట్టుకు అర్థం ఆడటం రానివాడు అని మనవరాలు చెప్పింది. అది నిజమే గనుక పట్టించుకోలేదు. నేను మాత్రం ప్రతిసారీ ఫోనుకు నోటితో చెప్పి ఒకే మాట రాయించాను: చెప్పి లేవండి. ఎవరూ చెప్పలేదు. ఊరికే నిలబడితే లెక్కలోకి రాదు గనుక, ఖాళీ ఇంటి చుట్టూ తిరిగేదాన్ని, సాయంత్రం మా డాబా మీద నడిచినట్టు. మంట వచ్చి మీద పడేదాకా తిరిగేదాన్ని. ఓడిపోయేదాన్ని. మళ్లీ మొదలు. మెడ పట్టేసింది. ఈ పని కోసం మనుషులు తిండి మానేస్తారంటే, అతని మీద, అతని ఆట మీద, ఆ కంపెనీ మీద, ఎవరి మీద కోపమో తెలియనంత కోపం వచ్చేది.

ఒక మధ్యాహ్నం మాత్రం ముగ్గురూ మిగిలారు. మైకు తెరిచి పిలిస్తే ఎలాగో జీపు ఎక్కారు. నేనే నడుపుతున్నాను, నెమ్మదిగా. ఎవరో కాల్చారు. ఒకతను కింద పడిపోయి, పాకుతూ, "ఆంటీ, ఆగుండ్రి, ఇడిసిపెట్టి పోకుండ్రి" అన్నాడు. జీపు ఆపాను. మిగతా ఇద్దరు దిగి అతన్ని లేపుతున్నారు. సరిగ్గా అప్పుడు వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఇంకొకటి. ఇంకొకటి. లేచి స్టవ్వు ఆర్పడానికి ఎంతసేపు పడుతుంది. ఫోను పక్కన పెడదామని చెయ్యి కదిలింది. పెట్టలేదు. "ఎక్కండి, తొందరగా ఎక్కండి" అంటూ కూర్చున్నాను. వాళ్లు ఎక్కారు. మలుపు దగ్గర నా వేలు హారన్ మీద పడింది. ఎవరూ నాకు నేర్పలేదు. ఇన్నేళ్లు గోడ అవతలి నుంచి విని విని అలవాటైంది కాబోలు.

ఆట ముగిసి లేచేసరికి పప్పు మాడి అడుగంటింది. ఈ ఇంటికి వచ్చాక నా చేతిలో పప్పు మాడటం అదే మొదలు. గిన్నె తోముతూ, ఆ రోజు అతను ఎలా కూర్చుండిపోయాడో కొంచెం తెలిసింది. క్షమించానని మాత్రం రాయను. పప్పు మాడితే మళ్లీ వండుకోవచ్చు.

చివరి ఆటలో, నేను ఖాళీ ఇంటి చుట్టూ తిరుగుతుండగా, నాతో ఉన్న ఒకే ఒక్కడు మైకు తెరిచాడు. "అమ్మా, అన్నం తినెటందుకు పోతున్న. పిలుస్తున్నరు" అన్నాడు. అన్నానికే అయినా మధ్యలో లేస్తున్నందుకు చిరాకు వేసింది. చెప్పి లేస్తున్నాడు గనుక, "పో నాయనా" అన్నాను. మా మరిది ఉంటే మెచ్చి వాడి పేరు రాసి పెట్టుకునేవాడు.

ఆట అయిపోయాక డాలు అతుక్కుంది. కొత్త దానిలా ఉంది, పగిలిన గీత కూడా లేదు. మనవరాలు దాన్ని ఫొటో తీసి గుంపులో పెట్టింది. "దిల్ వేరే, రూల్ వేరే" అన్న మనిషే అందరికంటే ముందు జవాబు రాశాడు. "ఇప్పుడు సరిపోయింది. చాచాకు సలాం." దసరాకు రాని ఆడపడుచు ఫోను చేసి, మేనమామ పేరు దిద్దినట్టే మేనల్లుడి పేరు కూడా దిద్దవచ్చు కదా అని అడిగింది. కూర్చుని ఆడి దిద్దుకోమని చెప్పాను.

ఆ సాయంత్రం గాజుల భాయ్, ధూల్‌పేట చెల్లె ఆటలోకి వచ్చి నన్ను పిలిచారు. ఆడబోయే ముందు జట్టు నిలబడే చోటు ఒకటి ఉంది, ఒక చిన్న మైదానంలాంటిది. అక్కడ ముగ్గురి బొమ్మలూ పక్కపక్కన నిలబడ్డాయి. ఆమెది ఎర్ర చొక్కా. ఆయన బొమ్మకు రెక్కలున్నాయి. మధ్యలో ఖాకీ.

"అమ్మా, ఒక్క ఆట. మీరే డ్రైవర్" అన్నాడు భాయ్.

"లేదు బాబూ. దిద్దాల్సింది దిద్దిన. గా సీటు నాది గాదు."

దుకాణంలో ఎవరో గాజుల ధర అడుగుతున్నది వినిపించింది. తరువాత ధూల్‌పేట చెల్లె, "పోతున్న చాచా" అంది. ఎర్ర చొక్కా మాయమైంది. "పోతున్న చాచా" అన్నాడు భాయ్ కూడా. రెక్కలు మాయమయ్యాయి.

మైకు ఇంకా తెరిచే ఉంది. వినేవాళ్లెవరూ లేరని నాకు తెలుసు. నేను "పోతున్న" అన్నాను, అతని బదులు, ఆ మధ్యాహ్నం ఎవరూ చెప్పని మాట. చెప్పి ఫోను తఖ్తు మీద పెట్టాను. తెర వెంటనే ఆరలేదు. ఆ ఖాళీ మైదానంలో ఖాకీ బట్టల మనిషి ఒక్కడే, ఒక కాలి మీది బరువు ఇంకొక కాలి మీదికి మార్చుకుంటూ, ఇంకా ఎవరో ఎక్కాల్సినవాళ్లు ఉన్నట్టు, అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉన్నాడు.